గాజుపెట్టెలో మలుగు

పెన్న పొర్లి కోవూరు చేలల్లో పడవలు తిరిగిన ఏడాదికి మూడో ఏడు అది. వరద తీసిపోయాక చేలు ఒండ్రు పట్టి బాగా పండాయి కాబట్టి కోవూరువాళ్లు దాన్ని మరిచిపోయారు. సముద్రం ఒడ్డున తాటిదిబ్బ పాలెంలో మాత్రం ఎవరూ మరవలేదు. ఎగువ నీరూ సముద్రపు పోటూ పాలెం నడుమ ఎదురుపడి, ఊరికున్న ఒక్క మంచినీళ్ల బావినీ పూడ్చేసి, ఎవరి దారిన అవి పోయాయి. పాలెంవాళ్లు పూడిక తీశారు. నీళ్లు ఊరాయి, ఉప్పగా ఊరాయి. అప్పటినుంచి ఆడవాళ్లు బిందెలెత్తుకొని ఇసకలో రెండు మైళ్లు నడిచి, సరుగుడు తోపు అవతల చెలమ తోడి తెచ్చుకుంటున్నారు. ఎండలు ముదిరితే ఆ చెలమ కూడా ఉప్పు తిరుగుతుంది.

పాలెం పెద్ద చిన్నపోలయ్య. యాభై దాటినవాడు, వేటలో ఆరితేరినవాడు, మాటలు తక్కువ. ఆయన భార్య కామమ్మ తట్టనెత్తుకొని ఊరూరా చేపలమ్మే మనిషి కాబట్టి ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది. "మా ఇంటాయన నోరు తెరవాలన్నా పోటు రావాల. దినానికి రెండుసార్లే" అనేది. ఆయన కాదనేవాడు కాదు. కాదనాలంటే మాట్లాడాలి.

ఆ గురువారం పొద్దున ఆయన అనుకున్న పని చిన్నది. వలలో పడ్డ చారల చేపలు తొమ్మిది, వేలెడంత పొడుగువి, బతికుండగానే సమితి ప్రెసిడెంటు జయరామయ్యగారి గాజుపెట్టెలో వదిలిపెట్టి మధ్యాహ్నం బస్సుకు తిరిగి రావడం.

గాజుపెట్టె సంగతి చెప్పుకోవాలి. కోవూరు దాటి రెండు మైళ్లు పోతే జయరామయ్యగారి ఊరు. ఆయన ఒకసారి మద్రాసులో ఎవరో సేటు ఇంట్లో గాజుపెట్టె నిండా సముద్రపు నీళ్లు, అందులో రంగురంగుల చేపలు చూసి వచ్చారు. వచ్చిన వారానికే వడ్రంగిని పిలిపించి టేకు చట్రం కట్టించి, గాజు పలకలు బిగించి, సందులకు లప్పం పూయించి, ఇరవై డబ్బాల నీళ్లు పట్టే పెట్టె ఒకటి హాల్లో పెట్టించారు. మద్రాసు పెట్టెకు గాలి కొట్టే మిషను ఉందట. ఇక్కడ ఆ పని ఇంట్లో పనులు చూసే రమణయ్యకు పడింది. సైకిలు పంపుకు రబ్బరు గొట్టం తగిలించి, దాని కొస నీళ్లలో ముంచి, పూటకు రెండు వందల దెబ్బలు కొట్టేవాడు.

నీళ్లు తాటిదిబ్బ నుంచే రావాలి. వారానికొకసారి ప్రెసిడెంటుగారి ఎద్దుల బండి కిరసనాయిలు డబ్బాలతో పాలెం వచ్చేది. చిన్నపోలయ్య మొలలోతు నీళ్లలో దిగి డబ్బాలు ముంచి బండికెక్కించేవాడు. అదే వేళకు ఆడవాళ్లు ఖాళీ బిందెలతో చెలమకు బయలుదేరేవాళ్లు. ఉప్పునీళ్లు బండెక్కి ఊళ్లోకి పోవడం, తాము మంచినీళ్లకు కాలినడకన పోవడం చూసి మొదట్లో నవ్వేవాళ్లు. తర్వాత నవ్వడం మానేశారు.

ప్రెసిడెంటుగారు మాట మాత్రం ఇచ్చారు. "బావి సంగతి నాకు వదిలెయ్ పోలయ్యా. వచ్చే గురువారం కొత్త ఇంజనీరు మా ఇంటికి వస్తా ఉండాడు. ఆయనకు గాజుపెట్టె చూపించి, మనసు కుదిరినాక నీ బావి అర్జీ కాగితం ముందర పెడతాను. చేపలు బతికుంటే నీ బావి బతికినట్టే అనుకో."

ఇంకో మాట కూడా అన్నారు. "వట్టి నీళ్లలో చేపలు తిరగతా ఉంటే ఏముంది అందం? సముద్రం అడుగున ఉండేటివి ఏవన్నా తెచ్చిపెట్టు."

తాటిదిబ్బ దగ్గర సముద్రం అడుగున ఉండేది ఇసక. అయితే ముందునాడే వలలో కుండ ఒకటి వచ్చింది. పొట్ట నిండా గుల్లలు కరుచుకొని, మూతి దగ్గర పాచి వేలాడుతూ చూడటానికి బాగుంది. పాలెంలో ఒక కట్టుబాటు ఉంది. చేప కాకుండా నోరున్న వస్తువేది వలలో వచ్చినా దానిలో చెయ్యి పెట్టకూడదు, బోర్లించకూడదు. గంగమ్మ ఎట్లా ఇచ్చిందో అట్లానే నిలబెట్టి ఉంచాలి. ఎందుకని ఎవరూ అడగరు. చిన్నపోలయ్య కుండను నిండు నీళ్లతో అట్లాగే ఎత్తి, తడిగుడ్డ కప్పి, చేపల బిందెతో కలిపి కావడిలో పెట్టుకున్నాడు.

బస్సులో కండక్టరు గుడ్డ ఎత్తి చూశాడు. "ఏంది పెద్దాయనా, చేపలా? పైన వెయ్, వాసన."

"బతికుండాయి" అన్నాడు చిన్నపోలయ్య.

కండక్టరు బిందెలోకి తొంగిచూసి కాసేపు ఆలోచించాడు. "చచ్చినవాటిని పైనెయ్యమని రూలుండాది. బతికినవాటికి ఏ రూలూ రాసిపెట్టలే. సరే, ఒళ్లో పెట్టుకో."

జయరామయ్యగారు చేపలను చూసి తలూపారు. కుండను చూసి మాత్రం పడకకుర్చీలోంచి లేచి వచ్చారు. నీళ్లలో దింపించి నాలుగువైపులా తిరిగి చూశారు. "ఇది రాజుల కాలం కుండ" అన్నారు.

"ఏ రాజు?" అని అడిగింది ఆయన భార్య వెంకటశేషమ్మ.

"ఎవరో ఒక రాజు. వాళ్లకు ఓడలుండేవి గదా. మునిగిపోయి ఉంటుంది."

అది కృష్ణపట్నం వైపు తోపుల్లో కట్టే కల్లుకుండ. వరదకు కొట్టుకొచ్చి ఉంటే దాని వయసు మూడేళ్లు. చిన్నపోలయ్యకు ఆ సంగతి తెలుసు. కానీ ఆయన్ను ఎవరూ అడగలేదు.

శనివారం కబురు వచ్చింది. తొమ్మిది చేపల్లో ఆరే కనిపిస్తున్నాయి, మూడు తెచ్చి లెక్క సరిచెయ్యమని. చిన్నపోలయ్య తీసుకుపోయేసరికి హాల్లో విచారణ జరుగుతూ ఉంది.

"చచ్చినాయంటే తేలి కనపడాల గదా. అసలు శవమే లేకపోతే ఎట్టా?" అంటున్నారు ప్రెసిడెంటుగారు. "రమణయ్యా, నిజం చెప్పు. వేయించుకున్నావా, పులుసు పెట్టినావా?"

రమణయ్య సైకిలు పంపు కింద పెట్టాడు. "నేను శనివారం నీసు ముట్టనని మీకు తెలుసు."

"పోయింది శుక్రవారం."

"వేలెడు లేవు, అయ్యా. దొంగతనం చేసేవాడు పళ్లసందుకు సరిపోయేదానికి చేస్తాడా? ఇరవై ఏళ్లు మీ వడ్ల కొట్టు తాళంచెవి నా మొలతాడుకే ఉండాది. వడ్లు వదిలిపెట్టి వచ్చి చేపలు తిన్నానంట." ఆ మాట అనేసి అతను లోపలికి పోయాడు. ఆ పూటనుంచి గాజుపెట్టెకు గాలి కొట్టనన్నాడు. వంటింటి పనులు చేస్తాను గాని హాల్లో అడుగుపెట్టనన్నాడు.

వెంకటశేషమ్మకు పిల్లి మీద అనుమానం. పెట్టె మీద పలక వేయించి దాని మీద రుబ్బురోలి పొత్రం పెట్టించింది. పొత్రాన్ని కదపగల పిల్లి ఆ జిల్లాలో ఉండదు. లెక్క తొమ్మిదికి సరిచేసినా ఆదివారం పొద్దున ఏడే కనిపించాయి, సోమవారం నాలుగు.

ప్రెసిడెంటుగారు సేద్యం చేసే మనిషి కాబట్టి సేద్యం లెక్కనే ఆలోచించారు. "నీళ్లు పలచబడి ఉంటాయి. ఉప్పులో పుట్టిన జీవం, ఉప్పు చాలకపోతే కరిగిపోతుంది. పైరు పచ్చబడకపోతే ఎరువు వెయ్యమా? ఇదీ అంతే" అని, బస్తా విప్పించి రెండు కుంచాల ఉప్పు పెట్టెలో పోయించారు. ఆ పోస్తున్నప్పుడు చిన్నపోలయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. తన ఊరివాళ్లు మూడేళ్లుగా నీళ్లలో ఉప్పు తగ్గాలని కోరుకుంటుంటే, ఇక్కడ కుంచంతో కొలిచి పోస్తున్నారు.

ఉప్పు కరిగి నీళ్లు తేటపడ్డాక ఆయన గాజు దగ్గరికి వంగి చూశాడు. మిగిలిన నాలుగు చేపలూ పైన ఒక మూలకు చేరి ఉన్నాయి. ఒకదాని తోక సగానికి తెగిపోయి ఉంది, కత్తిరించినట్టు కాదు, కొరికి లాగినట్టు. కుండ చుట్టుపక్కలకు ఒక్క చేప కూడా పోవడం లేదు. ఆయన కుండ మూతి వైపు చూశాడు. లోపల చీకట్లో రెండు చిన్న కళ్లు, వాటి కింద తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్న నోరు, ఆయనవైపే చూస్తున్నాయి.

మలుగు. పాములా పొడుగ్గా ఉండే చేప. పగలు కన్నంలో పడుకొని రాత్రి తిరిగి తింటుంది. కుండతోపాటు బస్సులో తన ఒళ్లో కూచొని వచ్చింది. నోరున్న వస్తువులో చెయ్యి పెట్టవద్దని పెద్దవాళ్లు ఎందుకు చెప్పారో చిన్నపోలయ్యకు ఆ క్షణాన బోధపడింది. వేళ్లు కాపాడుకోమని వట్టిగా చెబితే ఎవరూ వినరు. అందుకని గంగమ్మ పేరు పెట్టారు. ఆయన ఆ పేరును నిలబెట్టాడు, చూడాల్సింది చూడలేదు.

"కుండ తీసి కడిగి పెడతానయ్యా" అన్నాడు.

"వద్దొద్దు. కడిగితే పాతదనం పోతుంది. ఇంజనీరుకు కార్డు కూడా రాసేసినాను, రాజుల కాలం కుండ ఉండాది, చూద్దురు గాని రమ్మని. ఇంక దాన్ని ముట్టుకోబాక."

ఉన్నమాట చెబితే ఏమవుతుందో చిన్నపోలయ్య ఆలోచించాడు. ఇంట్లో పాములాంటిదాన్ని తెచ్చిపెట్టాడంటారు. రాజుల కుండ కల్లుకుండ అవుతుంది. ప్రెసిడెంటుగారి మొహం చిన్నబోతుంది, బావి కాగితం అడుక్కి పోతుంది. చెప్పకపోతే చేపలు పోతాయి, చేపలతోపాటు బావి పోతుంది. బస్సులో తిరిగి వస్తూ దారంతా ఇదే ఆలోచించాడు. దిగిన తర్వాత ఇసకలో నడుస్తుంటే సరుగుడు తోపు దగ్గర కామమ్మ బిందెతో ఎదురైంది.

"ఏమయింది?" అన్నది.

"మలుగు" అన్నాడు.

ఆమెకు అంతా అర్థమయింది. బిందె ఇసకలో దించి కూచుంది. "కడుపు నిండినోడు పక్కింటి కుండ మూత తియ్యడు గదా. దానికి మన కవళ్ల చేపలు పెట్టు. గురువారం దాకా మేపు. ఆయన కాగితం మీద సంతకం చేసి పొయ్యేదాకా మేపితే చాలు."

మంగళవారం, బుధవారం చిన్నపోలయ్య మొదటి బస్సుకు పోయాడు. వెంట కొత్త చారల చేపలు అయిదు, తువ్వాల్లో మూటగట్టిన కవళ్లు. ప్రెసిడెంటుగారు స్నానానికి పోయిన సమయం చూసి, పొత్రం దించి, పలక జరిపి, కవళ్లు ఒక్కొక్కటే కుండ మూతి దగ్గర వదిలాడు. మొదటిరోజు మలుగు తల మాత్రం బయటపెట్టి లాక్కుంది. రెండోరోజు సగం ఒళ్లు బయటికి వచ్చింది. నల్లటి ఒంటి మీద పసుప్పచ్చ చుక్కలు, మెడ దగ్గర చేతిమందం. ఆయన చేతివైపు చూస్తూ నీళ్లలో తల ఊపింది. ఆయన గాజు ముందు నిలబడితే చాలు, తిండి వచ్చిందని తెలుసుకుంది. ముప్పై ఐదేళ్లు చేపల్ని పట్టాడు గాని ఒక చేప తనను గుర్తుపట్టడం ఆయనకు ఇదే మొదటిసారి. కొంచెం సిగ్గుపడ్డాడు కూడా.

కామమ్మ లెక్క తప్పలేదు. గురువారం పొద్దున తొమ్మిది చేపలూ తొమ్మిదిగా తిరుగుతున్నాయి.

ఆ రోజు నీళ్ల బండి కూడా వచ్చింది. మూడు డబ్బాలు పెట్టెలో పోసి, మిగిలిన రెండూ వసారాలో వంటింటి గడప పక్కన దించారు. కాలువ కట్టేసిన రోజులు కాబట్టి ఇంటివాళ్ల తాగేనీళ్లు కూడా చావడి బావినుంచి అట్లాంటి డబ్బాల్లోనే వస్తాయి. రమణయ్య హాల్లోకి రానని ఒట్టు పెట్టుకున్నవాడు. అందువల్ల ఏ బండి ఏ డబ్బాలు దించిపోయిందో అతను చూడలేదు. చెయ్యికి అందిన డబ్బా ఎత్తి కాఫీకి ఎసరు పెట్టాడు.

పది గంటలకు జీపు వచ్చింది. ఇంజనీరు జయకుమార్ ముప్పై ఏళ్ల లోపు మనిషి, ఎక్కడో రాజమండ్రి వైపువాడు. గాజుపెట్టె ముందు కుర్చీ వేశారు. చిన్నపోలయ్య హాలు గుమ్మం దగ్గర, గాజుకు కనపడకుండా పక్కకు నిలబడ్డాడు. ఇంజనీరు చేపల్ని చూశాడు, బాగున్నాయన్నాడు. కుండను చూశాడు.

"ఇదేనా మీరు రాసిన కుండ?"

"అదేనండి. రాజుల కాలం."

"ఏ రాజులు?"

వెంకటశేషమ్మ వంటింటి తలుపు చాటునుంచి భర్తవైపు చూసింది. "ఓడలున్నవాళ్లండి" అన్నారు జయరామయ్యగారు.

ప్రెసిడెంటుగారు తన చేత్తో రాసిన పాలెం బావి అర్జీ ఆయన ముందర పెట్టారు. కాఫీ వచ్చింది. ఇంజనీరు ఒక గుక్క తాగాడు. మొహం కొంచెం మారింది. మర్యాదగలవాడు కావడంతో ఇంకో గుక్క తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "మీ ఊళ్లో నీళ్లు ఇంతేనాండీ?"

కాలువ కట్టేసిన కరువు గురించి అడుగుతున్నాడని అనుకున్నారు ప్రెసిడెంటుగారు. "ఇంతేనండి. ఏం చేస్తాం, అలవాటు పడిపోయినాం."

"ఎన్నాళ్లనుంచి?"

"ఎండాకాలం వస్తే మా తాతల కాలంనుంచీ ఇంతే."

ఇంజనీరు చేతులు జోడించినంత పని చేశాడు. "ప్రెసిడెంటుగారూ, ఇట్లాంటి నీళ్లు తాగుతూ కూడా మీరు మీ ఊరికి ఒక్క అర్జీ పెట్టలేదు. ఎవరో పాలెంవాళ్లకు బావి కావాలని రాశారు. ఇట్లాంటి మనిషిని నేను చూడలేదు. ఈ ఏడాది నా చేతిలో ఉన్నది ఒక్క బావి. అది మీ ఊరికే ఇస్తున్నాను. కాగితం ఇప్పుడే రాస్తాను."

జయరామయ్యగారికి ఏమీ అర్థం కాలేదు. ఆలోచించుకోవడానికి తన గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగారు. అప్పుడర్థమయింది. గుక్క మింగలేక, ఉమ్మలేక, ఇంజనీరు వైపు చూశారు. ఆయన కలం మూత తీస్తున్నాడు. తర్వాత గుమ్మం దగ్గరున్న చిన్నపోలయ్య వైపు చూశారు. చెడ్డమనిషేం కాదు. ఊళ్లో ఎదురుగా వచ్చి నిలబడ్డ బావిని పొమ్మనడానికి నోరు రాలేదు, అంతే. నీ సంగతి వచ్చే ఏడాది చూద్దాంలే అన్నట్టు కళ్లతోనే సైగ చేసి, నోట్లో ఉన్నది మింగేశారు.

చిన్నపోలయ్య ఆ సైగ చూశాడు. వచ్చే ఏడాది అంటే మూడొందల అరవై రోజులు, రోజుకు నాలుగు మైళ్లు, పాలెంలో నలభై గడపలు. ఆయనకు లెక్క రాదు గాని ఆ నడక తెలుసు. ఎన్నడూ లేనిది గుమ్మం దాటి హాల్లోకి వచ్చాడు. ఇంజనీరు ముందుకు పోవాలంటే గాజుపెట్టె పక్కనుంచే పోవాలి.

ఆయన నీడ గాజు మీద పడింది. మలుగు వచ్చింది. ఈసారి సగం కాదు, మొత్తం. కుండలోంచి రెండు మూరల పొడుగు జారి వచ్చి, గాజుకు ఒళ్లు ఆనించి, నోరు తెరిచి, ఆయన ముందు నిలబడ్డట్టు నిలబడింది. తొమ్మిది చేపలూ ఒక్క మూలకు పోయి గుంపుగా నిలిచాయి.

ఇంజనీరు కుర్చీ వెనక్కి జరిగింది. వెంకటశేషమ్మ "పాము, పాము" అంటూ లోపలికి పోయి, రమణయ్యను ముందుకు తోసింది. ఒట్టు పెట్టుకున్న రమణయ్య దుడ్డుకర్రతో హాల్లోకి వచ్చి, గాజు మీదికే కర్ర ఎత్తాడు. చిన్నపోలయ్య గాజుకు వీపు ఆనించి అడ్డం నిలబడ్డాడు.

"కొట్టబాక రమణయ్యా. పెట్టె పగిలితే వడ్ల కొట్టులోకి ఉప్పునీళ్లు పోతాయి. అది పాము కాదు, మలుగు. చేపలు తిన్నది నువ్వు కాదు, ఇదే."

రమణయ్య కర్ర దించాడు. "ఆ మాట ఆయనకు చెప్పు" అన్నాడు, ప్రెసిడెంటుగారివైపు చూపించి.

"అయ్యా" అని ఇంజనీరు వైపు తిరిగాడు చిన్నపోలయ్య. తర్వాత ఆయన మాట్లాడిందంతా కలిపితే ఆయన పెళ్లయిన తర్వాత మాట్లాడినంత ఉంటుంది. "కుండ రాజులది కాదు, కల్లుకుండ. దాంట్లో చెయ్యిపెట్టి చూడకుండా తెచ్చింది నేను. మలుగు నాది. దాన్ని రెండు దినాలుగా మేపింది నేను, మీరు వచ్చేలోగా చేపలు తినేస్తాదని. మీరు తాగిన కాఫీ ఈ ఊరి నీళ్లతో కాచింది కాదు. గడపకాడ ఉండే డబ్బాలు నేను సముద్రంలో ముంచి బండికెక్కించినవి. ఈ ఊరి నీళ్లు తియ్యగా ఉంటాయి. నేను రోజూ తాగి పోతా ఉండాను. తప్పంతా నాదే. బావి మాత్రం మాకు కావాల."

మలుగు ఇంకా తిండి కోసం తల ఊపుతూనే ఉంది.

"అంటే నేను తాగింది సముద్రమా?" అన్నాడు ఇంజనీరు.

"అవునయ్యా."

"మరి మీరు మీ ఊళ్లో తాగేది?"

చిన్నపోలయ్య భుజానికి వేలాడుతున్న సొరబుర్ర తీసి ఇచ్చాడు. వేటకు పోయినా, ఊరికి పోయినా అది ఆయన వెంట ఉంటుంది. పొద్దున చెలమలో నింపుకొచ్చినవి ఇంకా మిగిలి ఉన్నాయి. ఇంజనీరు బుర్ర ఎత్తి ఒక గుక్క తాగాడు. గ్లాసులో ఉన్న కాఫీ వైపు చూశాడు. మళ్లీ ఒక గుక్క తాగాడు. సముద్రమంత కాదు గాని, ఉప్పదనంలో దానికి దగ్గర చుట్టం.

"దీనికీ ఆ కాఫీకీ తేడా ఏముంది?"

చిన్నపోలయ్య నిదానంగా ఆలోచించి చెప్పాడు. "దీంట్లో చక్కెర లేదయ్యా."

ఇంజనీరు నవ్వలేదు. కూచొని, మొదలుపెట్టిన కాగితం చించేసి, ఇంకోటి రాశాడు. బావిలో దించే సిమెంటు ఒరలు సమితివి, తవ్వకం పాలెంవాళ్లది. "తీపి నీళ్లు ఎక్కడ పడతాయో వెతుక్కునే పని మీదే. సముద్రానికి అంత దగ్గర నాకు తెలియదు. పడ్డ చోటు చెబితే వారంలో ఒరలు దింపిస్తాను." ప్రెసిడెంటుగారి సంతకానికి కాగితం ఆయన ముందు పెట్టాడు. జయరామయ్యగారు నోట్లో ఉప్పు ఇంకా పోకముందే సంతకం పెట్టారు. ఇంజనీరు లేచి, పోతూ పోతూ గాజుపెట్టె ముందు ఆగి మలుగును చాలాసేపు చూశాడు. చారల చేపల్ని చూడలేదు.

జీపు పోయాక ప్రెసిడెంటుగారు పడకకుర్చీలో కూలబడ్డారు. "నోరు తెరవనోడివని నమ్మినాను గదయ్యా పోలయ్యా" అన్నారు. కోపంగా కాదు, ఎడ్లు బాగా లాగుతాయని కొని మోసపోయినవాడిలా.

"మీరు నోరు తెరిస్తే కుండకు రాజులొచ్చినారు, ఆయన తెరిస్తే బావి వచ్చింది. ఇంక ఆ సంగతి వదిలెయ్యండి" అంది వెంకటశేషమ్మ. "ఈ పెట్టె ఖాళీ చేయించండి. మొలగొలుకుల విత్తనం వడ్లు పోసుకుంటాను. పురుగు పడితే బయటికి కనపడతాది." రమణయ్య సైకిలు పంపు తీసుకుపోయి సైకిలు దగ్గర పెట్టి వచ్చాడు. అతన్ని ఎవరూ క్షమించమని అడగలేదు. మధ్యాహ్నం వెంకటశేషమ్మే స్వయంగా అతనికి రెండోసారి అన్నం వడ్డించింది. అతను దాన్ని లెక్కలో వేసుకున్నాడు.

సాయంత్రం చిన్నపోలయ్య డబ్బాలో మలుగునూ బిందెలో చేపల్నీ పెట్టుకొని పాలెం చేరాడు. కామమ్మ డబ్బాలోకి చూసింది. "బాగా బలిసినాది. పులుసు పెట్టనా?" అన్నది. ఆయన ఒడ్డుకు పోయి, మోకాటిలోతులో దిగి డబ్బా వంచాడు. మలుగు జారి పోయింది. తిరిగి చూడలేదు. చేపలు చూడవు.

బావి వచ్చిందని పాలెమంతా తెలిసింది. ఎక్కడ తవ్వాలో ఎవరి మాట వాళ్లు చెప్పారు. ఎవరికి వాళ్ల ఇంటి ముందరే నీళ్లు తియ్యగా ఉంటాయనిపించింది. చిన్నపోలయ్య అందరి మాటా విని పోయి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆయన వేటకు పోలేదు. పార భుజానేసుకొని గుడిసెల వెనక ఇసక మెరకకు పోయి తవ్వడం మొదలుపెట్టాడు. మూడు మూరలు దిగేసరికి చెమ్మ తగిలింది. పిడికెడు తడి ఇసక తీసి నాలుక మీద పెట్టుకొని చూశాడు. తర్వాత పార ఎత్తుకొని, పది బారలు పక్కకు జరిగి, మళ్లీ మొదలుపెట్టాడు.